బార్డ్ అంటే సరసాలాడే పాటగాడేనా?

నీలికత్తి
డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో (ఒక్కొక్కరం ఒక్కో పాత్ర ధరించి, పాచికలతో కథ నడిపే ఆట) కొత్త కాంపెయిన్‌కు, అంటే పలు సెషన్లు సాగే కథకు, బార్డ్ క్లాస్‌ను (మాటతోనో పాటతోనో మంత్రం వేసే పాత్రరకం) ఎంచుకున్నానని చెప్పిన మరుక్షణం నుంచి నా పాత్ర ఎవరో నాకంటే మా బృందంలోని మిగతావాళ్ళకే బాగా తెలిసినట్టుంది. నేను రాసుకున్న మనిషి అరవై ఏళ్ళ స్త్రీ. కూలిపోయిన ఒక రాజ్యపు వంశావళులనూ, సంధి షరతులనూ, యుద్ధాల్లో మరణించినవాళ్ళ పేర్లనూ కంఠస్థం చేసి, ఏ సభలో అడిగినా తడుముకోకుండా అప్పజెప్పడమే ఆమె వృత్తి. ఆమె దగ్గర వాద్యం లేదు, ఆమె పాడదు కూడా. అయినా ఆట మొదలుకాకముందే ఒకరు "ఇక ప్రతి సత్రంలోనూ ఒక ప్రేమాయణం చూడాలన్నమాట" అన్నారు. ఇంకో ఇద్దరు పోరాటంలో నన్ను వెనక నిలబెట్టి ఎలా కాపాడుకోవాలా అని మాట్లాడుకున్నారు. కథ నడిపే డంజన్ మాస్టర్ అయితే మొదటి సెషన్‌లో నేను స్వయంగా ఏదైనా పాడి వినిపించాలని కోరారు. యోధుడైన ఫైటర్‌నో పూజారి అయిన క్లెరిక్‌నో తీసుకున్నవాళ్ళకు ఇలా ముందుగానే ముద్ర వేయలేదు. ఈ మూస ఎక్కడినుంచి వచ్చింది, మీ బృందాల్లో దీన్ని ఎలా ఎదుర్కొన్నారు అన్నది తెలుసుకోవాలని ఉంది.

పాచికలరాయుడు
మూస ప్రతి క్లాస్‌కూ ఉంది. బార్బేరియన్ అంటే మందబుద్ధి, రోగ్ అంటే సొంతవాళ్ళ జేబులే కత్తిరించేవాడు, పాలడిన్ అంటే వినేవాళ్ళు దొరికితే చాలు నీతులు చెప్పేవాడు. కొత్తగా వచ్చినవాళ్ళు ఏదో ఒక ఆసరా పట్టుకుని మొదలుపెట్టాలి కాబట్టి ఇవి నిలిచాయి. నాలుగు సెషన్లు గడిస్తే మిమ్మల్ని మీరు ఆడే తీరును బట్టే చూస్తారు. ఇప్పటినుంచే మనసు కష్టపెట్టుకోవలసినంత విషయం కాదని నా అభిప్రాయం.

తుమ్మెద
రాయుడుగారూ, మందబుద్ధి బార్బేరియన్ వల్ల పక్కన కూర్చున్నవాళ్ళకు ఇబ్బంది లేదు. బార్డ్ మూస వల్ల ఉంది. ఆ తేడా మీ పోస్టులో కనిపించలేదు.

పాతపుటలు
మూలం అడిగారు కాబట్టి కొంచెం వెనక్కి వెళ్తాను. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో బార్డ్ మొదట కనిపించింది 1976 ఫిబ్రవరిలో, ద స్ట్రాటజిక్ రివ్యూ అనే పత్రికలో. రాసినవారు డగ్ ష్వెగ్‌మన్. ఆయన ఉత్తరాది స్కాల్డ్‌నూ, కెల్టిక్ బార్డ్‌నూ, దక్షిణ ఐరోపా మిన్‌స్ట్రెల్‌నూ కలిపి ఒకే క్లాస్‌గా మలిచారు. ఈ ముగ్గురిలో వినోదం పంచే పాటగాడు మూడోవాడు. మొదటి ఇద్దరూ ప్రధానంగా పరాక్రమాన్నీ వంశచరిత్రనూ పద్యాల్లో నిలిపినవాళ్ళు. నీలికత్తిగారి వృద్ధురాలు ఆ లెక్కన మూలానికి చాలా దగ్గర.

తర్వాత 1978 నాటి అడ్వాన్స్‌డ్ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో బార్డ్‌ను పుస్తకం చివర అనుబంధంలో పెట్టారు. ముందు ఫైటర్‌గా కనీసం ఐదో లెవెల్ చేరాలి, ఆ తర్వాత థీఫ్‌గా మారి అక్కడా కనీసం ఐదో లెవెల్ చేరాలి, అప్పుడు గానీ ప్రకృతి పూజారులైన డ్రూయిడ్ల దగ్గర శిక్షణ పొంది బార్డ్ కావడానికి వీల్లేదు. బలం, వివేకం, చురుకుదనం, చరిష్మా (ఆకర్షణశక్తి) నాలుగూ 15కు తగ్గకూడదు. అన్ని గడపలు దాటి వచ్చినవాడిని వెనక నిలబెట్టి కాపాడే అవసరం ఎవరికి ఉంటుంది? 1989 నాటి రెండో ఎడిషన్‌లో ఆ నిచ్చెన తీసేసి, బార్డ్‌ను రోగ్ వర్గంలో చేర్చి, విజార్డ్ మంత్రాలు నేర్చుకోనిచ్చారు. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో మంత్రాలకూ పాటకూ మాటకూ అన్నిటికీ చరిష్మాయే ఆధారమైంది. మూస గట్టిపడింది అక్కడేనని నేను నమ్ముతాను. పైగా ఆ ఎడిషన్‌లో లాఫుల్ (కట్టుబాట్లకు కట్టుబడే) స్వభావం ఉన్నవాళ్ళు బార్డ్‌గా లెవెల్ పెరగడానికి వీల్లేదు. సంధి షరతులను అక్షరం పొల్లుపోకుండా కాపాడే మనిషికి బార్డ్ కావడానికి అర్హత లేదని, నిలకడలేనివాడికి ఉందని నియమమే చెప్పినప్పుడు ఆటగాళ్ళు ఇంకెలా ఊహించుకుంటారు?

మౌనవీణ
ఆ లాఫుల్ నియమం నాకు తెలియదు. ఇప్పుడు చాలా విషయాలు అర్థమవుతున్నాయి.

అర్ధరాత్రి_డీఎం
పాతపుటలుగారి చరిత్రతో నాకు పేచీ లేదు గానీ, తప్పును నియమాల మీదకే నెట్టడం సరికాదు. మూసను పెంచి పోషించేది పాచిక చూసి దేనికైనా తలూపే డంజన్ మాస్టర్లు. ఇరవై ముఖాల పాచికలో ఇరవై పడింది కాబట్టి డ్రాగన్ బార్డ్‌కు మనసిచ్చేసిందని చెప్పే అలవాటు నియమాల్లో లేదు. ఐదో ఎడిషన్‌లో నేచురల్ 20 (పాచిక మీదే 20) పడగానే గెలిచినట్టే అన్నది దాడి పాచికకు వర్తిస్తుంది, పర్సువేషన్‌కు, అంటే ఒప్పించే ప్రయత్నానికి, వర్తించదు.

2014 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్‌లో సంభాషణలకు ఒక పట్టిక ఉంది. అవతలి జీవి స్నేహంగా ఉందా, ఉదాసీనంగా ఉందా, శత్రుభావంతో ఉందా అన్నది ముందు తేల్చుకోమంటుంది. శత్రుభావంతో ఉన్న జీవి, డీసీ (గెలవడానికి పాచిక, బోనస్ కలిపి అందుకోవలసిన అంకె) 20 అందుకున్నా సరే, తనకు ప్రమాదమూ నష్టమూ లేనంత మేరకే అడిగింది చేస్తుంది. పెద్ద త్యాగానికి ఒప్పుకునేది అప్పటికే స్నేహంగా ఉన్న జీవి మాత్రమే, అదీ 20 అందుకుంటేనే. తన గుహలోకి చొరబడ్డవాళ్ళ మీద మంటలు కక్కబోతున్న డ్రాగన్ ఈ మూడింటిలో ఏ వరుసలో ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. బార్డ్ ఎంత అద్భుతంగా మాట్లాడినా దక్కేది "వచ్చిన దారినే పొండి, తరమను" అన్న ఒక్క మాట. అది కూడా గొప్ప విజయమే, నలుగురి ప్రాణాలు దక్కాయి.

చార్మ్ పర్సన్ మంత్రం సంగతీ అంతే. అది మానవాకార జీవుల మీదే పనిచేస్తుంది. పట్టినా అవతలివాడు బార్డ్‌ను పరిచయమున్న మిత్రుడిలా చూస్తాడు గానీ ప్రేమలో పడడు. గంట గడిచి మంత్రం వీడగానే తన మీద ఏం ప్రయోగించారో వాడికి తెలిసిపోతుంది. నా ఆటలో అలా మంత్రానికి గురైన కాపలావాడు తప్పకుండా తిరిగి వస్తాడు, తన దళపతిని వెంటబెట్టుకుని మరీ వస్తాడు.

గుహగొంతు
డ్రాగన్‌కు బంగారం మీదున్న మోజు ముందు ఏ బార్డ్ పాటా నిలవదని మా బృందం ఏనాడో తీర్మానించుకుంది.

తుమ్మెద
డ్రాగన్ సంగతి డీఎంగారు చెప్పారు, మనుషుల సంగతి నేను చెబుతాను. నేను ఆడిన ఒక బృందంలో బార్డ్ పాత్రధారి ప్రతి సెషన్‌లోనూ నా క్లెరిక్‌ను వలపు మాటలతో వెంటాడేవారు. నా పాత్రకు ఇష్టం లేదని కథలోనే చెప్పించాను, ఆగలేదు. ఆట ఆపి నేనే చెప్పాను. "నేను కాదు, నా బార్డ్ అలాంటివాడు, క్లాస్ స్వభావమే అది" అన్నది జవాబు. మిగతావాళ్ళు నవ్వి ఊరుకున్నారు. పర్సువేషన్ పాచిక వేసి నా పాత్ర మనసు మారిందని కూడా ప్రకటించబోయారు. నా పాత్ర ఏం అనుకుంటుందో నిర్ణయించేది నేను. ఆ హక్కు ఇంకొకరి పాచికకు లేదు. నేను ఆ బృందం వదిలేశాను.

రాయుడుగారు ఇది మనసు కష్టపెట్టుకోవలసినంత విషయం కాదన్నందుకే ఇంత రాశాను. ఒక క్లాస్‌కు అంటుకున్న ముద్ర, మనిషి చేసే పనికి సాకుగా మారినప్పుడు అది చిన్న విషయం కాదు.

పాచికలరాయుడు
తుమ్మెదగారూ, మీకు జరిగినది అన్యాయం, దాన్ని నేను సమర్థించను. అయితే ప్రేమకథ ఉన్న బార్డ్‌ను పూర్తిగా వెలివేయాలన్న నిర్ణయానికి మాత్రం మనం రాకూడదు. మా కాంపెయిన్‌లో ఒక బార్డ్‌కూ ఒక ఓడ నాయకురాలికీ నడిచిన ప్రేమ ఆ కథకంతటికీ ప్రాణం. అక్కడ ఆటగాడూ, డంజన్ మాస్టరూ ముందే మాట్లాడుకున్నారు, ఆ పాత్రల మధ్య జరిగేది ఎక్కడ ఆగి దృశ్యం మారిపోవాలో తేల్చుకున్నారు. సరసం బార్డ్ స్వభావంలో ఉండవచ్చు. ఆట చుట్టూ కూర్చున్నవాళ్ళ అంగీకారం దానికి ముందు ఉండాలి.

తుమ్మెద
అంగీకారం ముందు ఉంటే నాకు ఏ అభ్యంతరమూ లేదు.

కోటగుమ్మం
దీనికి సెషన్ జీరోను, అంటే ఆటకు ముందే హద్దులు మాట్లాడుకునే సమావేశాన్ని, మించిన మందు లేదు. మేము ఆటల రూపకర్త రాన్ ఎడ్వర్డ్స్ ప్రచారంలోకి తెచ్చిన లైన్స్ అండ్ వెయిల్స్ పద్ధతిని పాటిస్తాం: కథలో అసలే రాకూడనివి ఒక వరుస, వచ్చినా తెర వెనకే జరగవలసినవి ఇంకో వరుస. జాన్ స్టావ్రోపౌలోస్ రూపొందించిన ఎక్స్ కార్డ్ కూడా ఆట మధ్యలో ఉంటుంది. దాన్ని ఎవరు తాకినా ఆ సన్నివేశం ఆగిపోతుంది, కారణం అడగం. ఆటగాడి పాత్ర మీద ఇంకో ఆటగాడు పర్సువేషన్ పాచిక వేయకూడదన్నది మా మొదటి నియమం.

లెక్కలకోట
మూసలో రెండో భాగం, అంటే బార్డ్ పోరాటంలో బరువు అన్న మాట, దాని మీద ఎవరూ మాట్లాడలేదు. నేను మాట్లాడతాను, ఎందుకంటే ఇది అంకెలతో తేలే విషయం.

2014 నాటి ఐదో ఎడిషన్‌లో ఒకటో లెవెల్ బార్డ్, చరిష్మా 16, మంత్రాల డీసీ 13 అనుకుందాం. ఎదురుగా ఓగర్ అనే రాక్షసజీవి ఉంది. దాని గదకు దాడి బోనస్ +6, ఒక దెబ్బకు సగటున 13 పాయింట్లు పోతాయి. మీ ఫైటర్ ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలడానికి దాడి అందుకోవలసిన అంకె) 15 అయితే ఆ దెబ్బ 60 శాతం సార్లు తగులుతుంది. ఇప్పుడు బార్డ్ విషస్ మాకరీ అనే నిందామంత్రం ప్రయోగించాడు. ఓగర్ వివేకం బోనస్ మైనస్ 2 కాబట్టి అది 70 శాతం సార్లు తట్టుకోలేదు. మంత్రం పట్టిందంటే ఓగర్ తర్వాతి దాడికి డిసడ్వాంటేజ్ వస్తుంది, అంటే రెండు పాచికలు వేసి తక్కువది తీసుకోవాలి, తగిలే అవకాశం 60 నుంచి 36 శాతానికి పడిపోతుంది. ఓగర్ టర్న్‌కు ఒక్కసారే కొడుతుంది కనుక ఆ టర్న్ మొత్తం దెబ్బతిన్నట్టే. క్రిటికల్ దెబ్బలను పక్కన పెడితే ఫైటర్‌కు సగటున పడవలసిన 7.8 పాయింట్లు 4.7కు తగ్గాయి. దీనికి తోడు ఓగర్‌కే సగటున 2.5 నష్టం. ఇది కాంట్రిప్ (చిన్న మంత్రం), స్పెల్ స్లాట్ (పెద్ద మంత్రాల కోటా) ఒక్కటి కూడా ఖర్చు కాలేదు, ప్రతి టర్న్‌లోనూ వేయవచ్చు. ఓగర్‌కు భాష తెలియనవసరం లేదు, వినిపిస్తే చాలు. ఒకటో లెవెల్‌లో ఫైటర్ ప్రాణానికి మూడు పాయింట్ల తేడా ఎంతటిదో ఆడినవాళ్ళకు తెలుసు.

పాచికలరాయుడు
ఐదో ఎడిషన్‌కు ఇది నిజం. ఆ పేరు పాత ఎడిషన్లలో వచ్చింది. మూడో ఎడిషన్ బార్డ్‌కు మంత్రాలు ఆరో స్థాయితోనే ఆగిపోయేవి, కత్తి పట్టినా ఫైటర్‌తో సరితూగేవాడు కాదు. అన్నీ వచ్చు, ఏదీ పూర్తిగా రాదు అన్న భావన అప్పటిది.

లెక్కలకోట
అప్పుడు కూడా పొరబాటే. 3.5లో (మూడో ఎడిషన్‌కు సవరణ) బార్డ్ ధైర్యం నింపే ఇన్‌స్పైర్ కరేజ్ ఒకటో లెవెల్‌లోనే వినేవాళ్ళందరి దాడికీ నష్టానికీ +1 ఇచ్చేది, ఎనిమిదో లెవెల్‌లో +2 అయ్యేది. నలుగురున్న బృందంలో ప్రతి ఒక్కరూ టర్న్‌కు రెండు మూడు బాణాలు వేస్తుంటే ఆ అదనం ఎంత పేరుకుంటుందో కూడి చూడండి. 2014లో తొమ్మిదో స్థాయి మంత్రాల వరకూ ఇచ్చాక కూడా ఆ పాత మాట వినిపిస్తోందంటే కారణం బలహీనత కాదు.

మౌనవీణ
కారణం నాకు తెలుసు. బార్డ్ చేసిన పని వేరేవాళ్ళ పేరు మీద నమోదవుతుంది. నేను బార్డిక్ ఇన్‌స్పిరేషన్ పాచికను (తోటివాళ్ళు తమ పాచికకు కలుపుకునే అదనపు పాచిక) విలుకాడైన రేంజర్‌కు ఇస్తాను, రెండు తక్కువతో గురి తప్పాల్సిన బాణం ఆ పాచికలో మూడు పడడంతో తగులుతుంది, గది అంతా రేంజర్‌కు చప్పట్లు కొడుతుంది. నాకు అసూయ లేదు, అది నా క్లాస్ పనే. అయితే మా డంజన్ మాస్టర్ ఒక మంచి అలవాటు పెట్టారు: ఆ పాచికను వాడుకున్నవాళ్ళు, బార్డ్ అన్న ఏ మాట తమకు ఆ క్షణాన గుర్తొచ్చిందో ఒక్క వాక్యంలో చెప్పాలి. ఆ రోజునుంచి నన్ను పనికిరానిదాన్నని ఎవరూ అనలేదు.

అర్ధరాత్రి_డీఎం
ఈ అలవాటును నేను వచ్చే సెషన్ నుంచే మొదలుపెడతాను.

మౌనవీణ
ఇంకో సంగతి కూడా చెప్పాలి. నీలికత్తిగారిని పాడమన్నారని చదివి నా ప్రాణం ఉసూరుమంది. నేను నలుగురిలో గొంతెత్తలేని మనిషిని. బార్డ్‌ను ఎంచుకున్నదే నాకు లేని ఆ ధైర్యాన్ని ఆటలోనైనా అనుభవించాలని. ఫైటర్ ఆడేవాళ్ళను బరువులెత్తి చూపమని ఎవరూ అడగరు, విజార్డ్ ఆడేవాళ్ళను నిప్పు పుట్టించమనరు. బార్డ్ ఆడేవాళ్ళను మాత్రం పాడమంటారు, చమత్కరించమంటారు, అప్పటికప్పుడు కవిత్వం చెప్పమంటారు.

గుహగొంతు
కొంతవరకు ఒప్పుకుంటాను. అయితే "ప్రేరణ ఇస్తున్నాను, పాచిక తీసుకో" అని వదిలేస్తే ఆటలో రుచి ఏముంటుంది? పాడనవసరం లేదు గానీ ఏదో ఒకటి మాట్లాడాలి కదా.

అర్ధరాత్రి_డీఎం
గుహగొంతుగారూ, నేను అడిగేది విషయం, ప్రదర్శన కాదు. "పోయినసారి వంతెన దగ్గర ఒంటరిగా నిలబడి మమ్మల్ని దాటించింది నువ్వేనని అతనికి గుర్తుచేస్తాను" అని ఆటగాడు మామూలు గొంతుతో చెబితే నాకు చాలు. ఎలా పలికిందీ, ఎంత బాగా పలికిందీ పాచిక చెబుతుంది. పాడాలని సరదా ఉన్నవాళ్ళు పాడితే సంతోషంగా వింటాను, దానికి బోనస్ మాత్రం ఇవ్వను. ఇస్తే గొంతు లేనివాళ్ళకు జరిమానా వేసినట్టే.

పాతపుటలు
నియమాలూ పాటను తప్పనిసరి చేయలేదు. ఐదో ఎడిషన్‌లో ప్రేరణ మాటతోనైనా సంగీతంతోనైనా ఇవ్వవచ్చునని స్పష్టంగా ఉంది. 3.5లో పెర్ఫార్మ్ నైపుణ్యం కింద వక్తృత్వం, నటన, హాస్యం, నాట్యం, తాళవాద్యాలు అన్నీ విడివిడిగా ఉన్నాయి. ఇలాంటిదే మరో ఆట అయిన పాథ్‌ఫైండర్ మొదటి ఎడిషన్ కూడా ఆ విభజననే ఉంచుకుంది. 2019 నాటి పాథ్‌ఫైండర్ రెండో ఎడిషన్ ఇంకా ముందుకు వెళ్ళి బార్డ్‌కు మ్యూజ్‌ను, అంటే ప్రేరణమూలాన్ని, ఎంచుకోమంటుంది: ఎనిగ్మా తీసుకుంటే గుప్తవిద్యల అన్వేషి, మాయెస్ట్రో తీసుకుంటే సంగీత విద్వాంసుడు, పాలిమాత్ తీసుకుంటే అన్ని విద్యల్లో చెయ్యి తిరిగినవాడు. చేతిలో ల్యూట్ వాద్యం ఉన్న కుర్రాడు వీళ్ళలో ఒక్కడు మాత్రమే.

విషస్ మాకరీ గురించి కూడా ఒక మాట. దాన్ని అందరూ వెక్కిరింతగా, నవ్వులాటగా ఆడతారు. ప్రాచీన ఐర్లండ్‌లో కవి నోటినుంచి వచ్చే నింద నవ్వులాట కాదు. కవి నిందిస్తే మొహం మీద బొబ్బలు లేస్తాయని నమ్మేవారు, అన్యాయంగా నిందించినవాడు పరిహారం చెల్లించాలని చట్టాలే చెప్పాయి. ఆదరణ చూపని బ్రెస్ రాజును కవి కార్బ్రే నిందించినప్పటినుంచి ఆ రాజుకు పతనమేనని అక్కడి పురాణగాథ. ఐస్‌లాండ్ గాథల్లో ఎగిల్ అనే స్కాల్డ్, తన ప్రాణం తీయబోతున్న ఎరిక్ రాజు ముందు యార్క్‌లో ఒక్క రాత్రిలో స్తుతి పద్యం కట్టి తల దక్కించుకున్నాడు. ఆ ఎగిల్ యుద్ధంలో మహాక్రూరుడు కూడా. మన ఓగర్ ఆ మాటకు ఎందుకు తడబడుతుందో ఇలా ఊహించుకుంటే, బార్డ్ ఆడేవాళ్ళ నోట వచ్చే వాక్యాలే మారిపోతాయి.

నీలికత్తి
పాతపుటలుగారూ, నా పాత్రకు నేను వెతుకుతున్నది ఇదే. ఆమె ఓగర్‌ను వెక్కిరించదు. దాని చేతిలో చనిపోయినవాళ్ళ పేర్లు వరుసగా చదువుతుంది. మౌనవీణగారి వాక్యం అలవాటునూ, కోటగుమ్మంగారి మొదటి నియమాన్నీ మా డంజన్ మాస్టర్‌కు పంపాను. పాడవలసిన పని లేదని ఒప్పుకున్నారు. ప్రేమాయణం మాట అన్నవాళ్ళతో విడిగా మాట్లాడతాను.

గుహగొంతు
చనిపోయినవాళ్ళ పేర్లు చదివితే ఓగర్ సంగతేమో గానీ నాకే ఒళ్ళు జలదరించింది.

కోటగుమ్మం
ఇంకో మూస మిగిలింది, దానికి నాకింకా పూర్తి పరిష్కారం దొరకలేదు. మాట్లాడే పని వస్తే బార్డ్ మాట్లాడుతుంది, మిగతావాళ్ళు నోరు మూసుకుంటారు. ఇది అలవాటు మాత్రమే కాదు, లెక్క కూడా. ఐదో లెవెల్‌లో చరిష్మా 18, పర్సువేషన్‌లో ఎక్స్‌పర్టీజ్ (రెట్టింపు నైపుణ్యం) ఉన్న బార్డ్‌కు బోనస్ +10. డీసీ 20ను 55 శాతం సార్లు అందుకుంటుంది. చరిష్మా 8 ఉన్న మా ఫైటర్‌కు బోనస్ మైనస్ 1. ఇరవై పడినా మొత్తం 19. అతను ఎన్నటికీ గెలవలేడని తెలిసినప్పుడు మాట్లాడమని ఎలా అడగను?

పాచికలరాయుడు
బార్డ్‌కు మాటే బలం. ఫైటర్ కత్తిని బార్డ్‌తో పంచుకోడు, బార్డ్ మాత్రం మాటను ఎందుకు పంచుకోవాలి?

తుమ్మెద
పోరాటంలో బార్డ్‌కూ టర్న్ వస్తుంది రాయుడుగారూ. సంభాషణలో ఫైటర్‌కు టర్నే రావడం లేదు, కోటగుమ్మంగారి బాధ అది.

అర్ధరాత్రి_డీఎం
నేను చెప్పిన పట్టిక ఉన్న భాగంలోనే దీనికి దారి ఉంది. అవతలి మనిషి ఆదర్శాన్నో, అనుబంధాన్నో, బలహీనతనో తాకేలా మాట్లాడితే అతని వైఖరి తాత్కాలికంగా ఒక మెట్టు మారుతుంది. ఉదాహరణకు ఉదాసీనంగా ఉన్న ఒక కోట దళపతిని, చిన్న ప్రమాదానికి ఒప్పుకుని తలుపు తెరవమని అడగాలి. ఉదాసీనుడైతే డీసీ 20. దానికి ముందు ఫైటర్ తానూ సైన్యంలో పనిచేశానని, ఫలానా ముట్టడిలో తన దళం మొత్తం పోయిందని చెప్పాడు. ఆ దళపతికి తన సైనికుల మీద ఉన్న అనుబంధం కదిలింది, స్నేహానికి మారాడు. ఇప్పుడు అదే కోరికకు డీసీ 10 చాలు. మీ +10 బార్డ్‌కు పాచిక వేయవలసిన పనే లేదు. ఫైటర్ తానే అడిగినా సగం సార్లు గెలుస్తాడు.

కోటగుమ్మం
అంటే దళపతి అనుబంధం ఏమిటో ముందుగా కనిపెట్టడానికి ఇన్‌సైట్ (ఎదుటివాళ్ళ మనసు పసిగట్టే నైపుణ్యం) పాచిక కూడా కావాలి. మా బృందంలో ఇన్‌సైట్ బాగా ఉన్నది క్లెరిక్‌కు. ఆ లెక్కన ముగ్గురికీ పని దొరుకుతుంది. ఈసారి సెషన్‌లో నేను ప్రతి ముఖ్యమైన పాత్రకూ ఒక అనుబంధం, ఒక బలహీనత ముందే రాసుకుని వెళ్తాను. ఫలితం ఇక్కడే రాస్తాను.